గోనెరంగు హానా

ఆ చలికాలం నేను ఎన్ని చెట్లు పీకానో ఎవరైనా అడిగితే చెప్పలేను. మా దక్షిణపు దేశంలో చలి దిగేది జూన్‌లో, ఆ మొదటివారంలోనే మొదలుపెట్టాను. ఆగస్టు వచ్చేసరికి హ్యూన్ నదికి మావైపున్న కొండవాలు సగం బోడిగుండయింది. అన్నిటికంటే ముందు పీకింది మా నాన్న తోట. ఆయనే వచ్చి, ఎలాగూ పరాయివాళ్లవి పీకబోతున్నావు, చెయ్యి తిరగడానికి మనదే మొదలుపెట్టు అన్నాడు. అని ఇంట్లోకి వెళ్లి రేడియో పెద్దగా పెట్టుకున్నాడు.

ఇంగ్లండు మా ఆపిళ్లు కొనడం తగ్గించేశాక ఓడలు రావడం మానేశాయి. కాయ కోసిన కూలి కూడా గిట్టని రోజులు. చెట్లు పీకేసుకునే వాళ్లకి సర్కారు పరిహారం ఇస్తానంది. సంతకం పెట్టిన తోటలో ఒక్క చెట్టు మిగలకూడదు. అయిదేళ్లదాకా ఆ నేలలో మళ్లీ ఆపిల్ నాటకూడదు. లోయలో బుల్‌డోజరున్న వాళ్లం నలుగురం. అంతవరకూ నేను నా యంత్రాన్ని అడవిలో దుంగలు లాగడానికీ, రోడ్లు చదును చెయ్యడానికీ తిప్పేవాణ్ణి. ఆ ఏడాది మాత్రం తెల్లారితే తోట, పొద్దుగూకితే తోట.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించేది. టీ తెచ్చి ఇచ్చి, ఏ వరస నుంచి మొదలుపెట్టాలో చేత్తో చూపించి, లోపలికి వెళ్లి తలుపేసుకునేవాళ్లు. రాత్రి పడుకున్నా యంత్రం అదురు ఒంట్లోంచి పోయేది కాదు. మంచం కదులుతున్నట్టే ఉండేది. మా ఆవిడ బెరిల్ నా చేతులు చూసి, కప్పు పట్టుకుంటే టీ తొణుకుతోంది, ఒక వారం మానెయ్యకూడదా అనేది. మానడానికి లేదు. మూడు నెలల పని ముందే ఒప్పుకున్నాను.

ఆగస్టు మొదటి వారంలో హాకెట్ల వంతు వచ్చింది. కొండమీద చివరి తోట వాళ్లది. మొగుడూ పెళ్లాలు కారు, అక్కా తమ్ముడు. ఎఫీకి అరవై ఏడు, క్లెమ్‌కి అరవై రెండు. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఎఫీ ముప్పై ఏళ్లపాటు కాయలు ఏరి పెట్టెలకెత్తే షెడ్డులో పెద్ద మేస్త్రిగా పనిచేసింది. మా అమ్మ ఆమె చేతికింద పనిచేసేది కాబట్టి చిన్నప్పటినుంచీ నాకు ఆమె ఎఫీ ఆంటీయే. ఒకప్పుడు కాయ ఇలా తిప్పి అలా చూసి ఏ తోటలో ఏ వాలుమీద కాసిందో చెప్పగలిగిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లకీ పొర కమ్మేసింది. వెలుగు తెలుస్తుంది, మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, అంతే. ఉత్తరాలొస్తే క్లెమ్ చదివి వినిపించేవాడు.

నేను యంత్రాన్ని కొండెక్కించేసరికి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. చప్పుడు విని వచ్చినట్టుంది. ఇంజను ఆపాను.

"డెస్సీ, నువ్వేనా? ఎవరి తోటకి పోతున్నావురా?"

ఈ కొండమీద ఇంకెవరి తోటా లేదు. ఆవిడకి తెలియనిది కాదు.

"మీదేనాంటీ. క్లెమ్ చెప్పలేదా?"

ఆవిడ గేటు గడియమీద చెయ్యి వేసింది. సంతకం పెట్టి నెలయింది. సర్కారు నుంచి వచ్చిన ఆ ఉత్తరం ఒక్కటీ క్లెమ్ చదివి వినిపించలేదు. నేను కిందికి దిగాలో, వెనక్కి తిప్పుకుపోవాలో తెలియక సీటులోనే కూర్చున్నాను. చివరికి ఆవిడే గేటు తీసి పట్టుకుంది. చక్రాల గొలుసు దారి పక్కన తను నాటిన తులిప్ గడ్డల్ని తొక్కకుండా కొంచెం ఎడమకి పోనిమ్మంది.

క్లెమ్ కింద కొట్టం దగ్గర ఉన్నాడు. నిచ్చెనలెక్కీ ఎక్కీ భుజాలు రెండూ అరిగిపోయి, టోపీ పెట్టుకోవాలన్నా తల వంచి చేతిదాకా తెచ్చుకోవలసిన స్థితి ఆయనది. ఆవిడకి చెప్పలేదేమని అడిగాను. చెప్తే ఒప్పుకోదన్నాడు. ఒప్పుకోకపోతే ఈ ఏడు కూడా కత్తిరింపు తనే చెయ్యాలి, మందు తనే కొట్టాలి, కాయంతా కింద రాలి కుళ్లుతుంటే తనే చూడాలి అన్నాడు. అందులో కోపమేమీ లేదు. ఒంట్లో ఓపిక లేదు, అంతే.

మొదటిరోజు కింది వరసలు చేశాను. అవన్నీ స్టర్మర్లు, డెమొక్రాట్లు. ఓడలకోసం పెంచిన రకాలు. మధ్యాహ్నం ఎఫీ ఆంటీ టీతోపాటు ఒక సాసర్లో ఆపిల్ ముక్కలు పెట్టుకుని తడుముకుంటూ వచ్చింది. తొక్క చూడగానే పోల్చుకున్నాను. అది హానా.

ఆ కాయ అందం సంగతి ఏం చెప్పను. గోనెసంచి చింపి చుట్టినట్టు ఉంటుంది తొక్క. బూడిదా గోధుమా కలిసిన రంగు, ముట్టుకుంటే గరగర. రొట్టెముద్దని అరచేత్తో అదిమినట్టు అణిగి ఉంటుంది. షెడ్డులో ఆడవాళ్లు దాన్ని గోనెరాణి అని ఎగతాళి చేసేవాళ్లు. ఓడకెక్కించే దళారులు పెట్టె మూత తీసి చూసి మళ్లీ మూసేసేవాళ్లు. హాకెట్ల నాయనమ్మ హానా, వాగొడ్డున తనంతట తను మొలిచిన మొక్కని చూసి, ఇదేదో బాగుందని తెచ్చుకుంది. అప్పటినుంచీ ఆవిడ పేరే. లోయలో ఇంకో రెండు మూడు ఇళ్లవాళ్లు అంటు కట్టుకున్నారుగానీ, ఆ చలికాలం వాటన్నిటినీ నేనో, నాలాంటివాళ్లో పీకేశాం. నాకు తెలిసి మిగిలినవి హాకెట్ల పై కంచె పక్కనున్న ఎనిమిది చెట్లే.

ఏడెనిమిదేళ్ల వయసులో, మేనెలలో, ఒకసారి దాన్ని దొంగతనంగా కోసి కొరికాను. పళ్లు పులిసి, నాలుక బెరడైపోయింది. ఆ తరువాత మళ్లీ దాని జోలికి పోలేదు. ఆ సంగతే చెప్పాను.

"మేలో కొరికితే ఎవడైనా ఏడుస్తాడు. ఇప్పుడు తిను," అంది.

తిన్నాను. అటకమీద గడ్డిలో మూడు నెలలు పడుకున్న కాయ అది. తొక్క కొంచెం ముడతలు పడింది. పులుపు పోలేదు, తీపి వెనక్కి జరిగి కూర్చుంది. తేనెపట్టు పిండిన చేతికి వచ్చే వాసన వస్తోంది. గొంతులోకి దిగాక కూడా నోట్లో ఏదో మిగిలింది. ఇంకో ముక్క తీసుకున్నాను. ఆవిడ బాగుందా అని అడగలేదు.

తరువాత దాని గుణాలు చెప్పుకొచ్చింది, కూతురి సంబంధం మాట్లాడుతున్నట్టు కాదు, జబ్బు మనిషి సంగతి డాక్టరుకి చెప్తున్నట్టు. పూత ఆలస్యం, అందుకని మంచుకి మాడదు. ఆకుమచ్చ రోగం రాదు, మందు అక్కర్లేదు. ఒక ఏడు విరగకాస్తుంది, మరుసటేడు చెయ్యి చాచినా ఒక్కటివ్వదు. తొడిమ మరీ పొట్టి. కాయ కొమ్మకి అతుక్కుని ఉంటుంది, లాగితే వచ్చే ఏటి మొగ్గ కూడా ఊడొస్తుంది. బొటనవేలు ఆనించి పక్కకి తిప్పాలి. చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమనాలి, అప్పుడే తినాలి. ఆ చప్పుడు రాకముందు కోసి పెట్టిన వాళ్లే దానికి చెడ్డపేరు తెచ్చారు అంది.

క్లెమ్ వచ్చి వెనక నిలబడ్డాడు. "మొండి చెట్టు. దానికి నలభై ఏళ్లు చాకిరీ చేశాను. ఏడాది విడిచి ఏడాది కూలి ఎగ్గొట్టేది," అన్నాడు.

ఎఫీ ఆంటీ అటు తిరగలేదు. నాతోనే మాట్లాడింది. చెట్టు మిగలకూడదని రాసుకున్నారు సరే, పుల్లలు మిగలకూడదని రాయలేదు కదా అంది. ఆ ఎనిమిదీ పీకే ముందు నిరుటి చివుళ్లు, పెన్సిలంత లావువి, రెండు డజన్లు కోసి తనకిమ్మంది. తడి గోనెలో చుట్టి, ఇంటికి దక్షిణం వైపు నీడలో పాతిపెడుతుందట. సెప్టెంబరులో రసం పైకెక్కాక ఎక్కడైనా అంటు కట్టొచ్చు.

"గురువారం పైకొస్తావు కదా. మర్చిపోకు నాయనా."

మర్చిపోనన్నాను.

గురువారం పొద్దున మంచు పేరుకుపోయి ఉంది. పైవాలు తడినేల. ఎండెక్కితే మెత్తబడి గొలుసు కూరుకుపోతుంది. గట్టిగా ఉండగానే పై వరసలు కానిచ్చేద్దామని నేరుగా పైకి పోయాను. నాలుగు అడుగుల దూరంలో ఏముందో కనబడని పొగమంచు. ముందురోజు రాత్రి సరిగా నిద్ర లేదు. ఆ మాటకొస్తే రెండు నెలలుగా లేదు. చెట్టు మొదట్లో ఇనప రేకు ఆనించడం, తొయ్యడం, వేళ్లు పటపటమని తెగడం వినడం, వెనక్కి రావడం. నా చేతులు పనిచేస్తున్నాయి, నేను అక్కడ లేను. తొమ్మిదిన్నరకి కంచె దాకా పోయి, వరసలన్నీ కుప్పగా తోసి ఇంజను ఆపాను.

మంచు విచ్చుకుంటుంటే, చేతిలో తడి గోనెగుడ్డ పట్టుకుని ఎఫీ ఆంటీ కంచె వెంబడి నడిచి రావడం కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది.

దిగి ఎదురెళ్లాను. ఆవిడ గోనె చాచింది, నేను అందులో ఏదో పెడతానని.

"మర్చిపోయానాంటీ. పీకేశాను."

ఆవిడ చాచిన చేతులు వెంటనే దించలేదు. "ఎనిమిదీ?"

"ఎనిమిదీ."

"అలిసిపోయావు," అంది. క్షమించినట్టు కాదు, ఇవాళ చలిగా ఉంది అన్నట్టు అంది.

ఏడవడానికి కూడా ఓపిక లేని అలసట ఒకటుంటుంది, అది. కుప్పవైపు చూశాను. అరవై చెట్లు. స్టర్మర్లూ, డెమొక్రాట్లూ, హానాలూ, అన్నీ ఒకదాంట్లో ఒకటి కొమ్మలు దూర్చుకుని, తలకిందులుగా, మట్టి కొట్టుకుని ఉన్నాయి. ఆకులేని ఆపిల్ చెట్లు నాలాంటివాడికి అన్నీ ఒకటే. పైగా కింది కుప్పలు అంటించి క్లెమ్ కిరసనాయిలు డబ్బాతో పైకి వస్తున్నాడు. మర్నాడు వాన అన్నారు రేడియోలో. శుక్రవారం అధికారి చూడ్డానికి వస్తాడు. అప్పటికి నేల శుభ్రంగా ఉండాలి. కాబట్టి ఆవేళే కాల్చాలి.

ఎఫీ ఆంటీ అడిగింది కుప్ప ఎటువైపుందని. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. అక్కడ పడి ఉన్న ఖాళీ ఆపిల్ పెట్టె బోర్లించి కూర్చోబెట్టాను. చిటారు కొమ్మలు విరిచి తెచ్చివ్వమంది. ఒడినిండా తెచ్చి పోశాను. ఒక్కొక్క చివురూ వేళ్లమధ్య జారనిచ్చి కింద పడేస్తోంది.

"స్టర్మర్. గోరులా నున్నగా లేదూ? ఇది డెమొక్రాట్. ఇదీ అదే. హానాకి చివర నూగుంటుందిరా. దూడ చెవి వెనక తడిమినట్టుంటుంది. మొగ్గ కొమ్మకి అంటుకుపోయి ఉంటుంది, పైకి లేవదు."

నేనూ తడిమాను. రెండు నెలలుగా కడ్డీలు పట్టుకున్న వేళ్లు, వాటికి నూగూ తెలియలేదు, నునుపూ తెలియలేదు. నేను మోయడం, ఆవిడ తడమడం. గంట గడిచింది. ఒళ్లో నాలుగు పుల్లలున్నాయి. ఆ చలికి ఆవిడ వేళ్లు నీలంగా మారాయి. మధ్యమధ్య చంకలో పెట్టుకుని వేడిచేసుకుంటోంది, వేళ్లు మొద్దుబారితే తెలియదని.

క్లెమ్ ఇదంతా డబ్బా పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఒకసారి ఆకాశంకేసి చూశాడు. కానివ్వండి అంటాడనుకున్నాను. ఆయన డబ్బా కింద పెట్టి, కుప్ప అవతలివైపుకి వెళ్లాడు. కాసేపటికి కేకేశాడు.

"డెస్, ఇటురా. ఈ మొద్దు చూడు. మొదట్లో మోకాళ్లు కనబడుతున్నాయా?"

నిజమే. ఆ మాను మొదట్లో, నేలకి జానెడు పైన, బుడిపెలు బుడిపెలుగా, ముసలివాళ్ల మోకాలిచిప్పల్లాంటివి ఉన్నాయి.

"ఇవి దానికే ఉంటాయి. నిచ్చెన ఆనించినప్పుడల్లా జారేది వీటిమీంచే. దీని చిటారు ఎటు పోయిందో చూసుకుంటూ పో."

ఆయన మానులు చూపించడం, నేను వాటి కొమ్మల వెంట పాకుతూ పోయి విరిచి తేవడం, ఆవిడ తడిమి ఔననడం. ఎనిమిదింట్లో అయిదు దొరికాయి. మిగతా మూడూ అడుగున పడిపోయాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి గోనెలో ఇరవై మూడు పుల్లలున్నాయి.

ఎఫీ ఆంటీ తమ్ముడున్న వైపు ముఖం తిప్పింది. నా ఎరుకలో ఆ మూడు రోజుల్లో ఆయనతో మాట్లాడటం అదే మొదటిసారి.

"అదంటే నీకు గిట్టదుగా."

"గిట్టదు. నలభై ఏళ్లు కత్తిరించినదాన్ని పోల్చుకోకపోతే నేనేం మనిషిని," అన్నాడు క్లెమ్. డబ్బా తీసుకుని, మీరిద్దరూ గాలికి ఎదురుగా ఉన్నారు, అటు జరగండన్నాడు.

ఆపిల్ కట్టె మంచి వాసనతో కాలుతుంది. ఆ ఏడు ఆ వాసన లోయంతా కమ్మి, బట్టల్లో, రొట్టెలో, బెరిల్ జుట్టులో కూడా ఉండేది.

సెప్టెంబరు మూడోవారంలో అంట్లు కట్టాం. హాకెట్ల నేలలో కట్టకూడదు, మా నాన్న నేలలోనూ కట్టకూడదు. మా ఇంటి ముందు రోడ్డు వారన, కూలీలు తిని పారేసిన గింజలనుంచి మొలిచిన అడవి ఆపిళ్లు చాలా ఉన్నాయి. వాటికి కడదామంది ఎఫీ ఆంటీ. వాళ్ల నాన్న కత్తి తెచ్చింది. కట్టవలసింది నేను. ఆవిడకి చూపు లేదు, క్లెమ్‌కి భుజం లేవదు, నాకు చేతులు వణుకు. కోత ఏటవాలుగా ఒక్క ఊపులో పడాలి, రెండోసారి కత్తి పెట్టకూడదంటుంది. నేను మూడుసార్లు పెట్టేవాణ్ణి. పుల్లనీ మొక్కనీ కలిపి పట్టుకుంటే ఆవిడ బొటనవేలితో అతుకు తడిమి, పచ్చికి పచ్చి కలవలేదు, విప్పు అనేది. విప్పేవాణ్ణి. రెండు రోజులు పట్టింది. మైనం కరిగించి పూసింది క్లెమ్. ఎక్కడా సందు వదలకుండా పూశాడు.

ఇరవై మూడింట్లో తొమ్మిది చిగురించాయి. వేసవిలో రాత్రిపూట చెట్లెక్కి తినే పోసమ్‌లనే జంతువులు వచ్చి నాలుగింటిని మొదలంటా కొరికేశాయి. మరుసటేడు రోడ్డు పక్క తుప్పలు కొట్టే యంత్రం వచ్చి మూడింటిని కొట్టుకుపోయింది. అది నడిపినవాడు నాకు తెలిసినవాడే. ఏం తెలుసు వాడికి పాపం, నాకు తెలిసి మాత్రం నేనేం చేశాను. ఒకటి ఎందుకో దానంతట అదే ఎండిపోయింది. చివరిది నీళ్ల ట్యాంకు వెనక, ముళ్లకంచె చాటున ఉంది కాబట్టి బతికింది. దానికి తీగల బుట్ట చేసి చుట్టాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. నిజం చెప్పాలంటే చాలా రోజులు అటు చూడాలంటేనే విసుగ్గా ఉండేది.

హాకెట్లు ఆ నేల గొర్రెలవాడికి అమ్మేసి ఫ్రాంక్లిన్ ఊళ్లో చిన్న ఇంట్లోకి మారారు. నాలుగేళ్లకి ఎఫీ ఆంటీ తుంటి విరిగి, ముసలివాళ్లని చూసుకునే ఇంట్లో చేరింది. క్లెమ్ రోజూ మధ్యాహ్నం వెళ్లి పేపరు చదివి వినిపిస్తాడని విన్నాను. అన్నీ, ఒక్క ముక్క వదలకుండా, చావు కబుర్లతో సహా చదవాలట. అది ఆవిడ పెట్టిన షరతు.

అంటు కట్టిన అయిదో ఏడు చెట్టు మూడు కాయలు కాసింది. మేనెలాఖరులో బొటనవేలు ఆనించి తిప్పి కోశాను. షెడ్డులో గడ్డిలో పెట్టాను. ఒకటి ఎలుక కొరికింది. ఆగస్టులో ఒక ఆదివారం ఒకటి జేబులో వేసుకుని బయలుదేరాను.

ఎఫీ ఆంటీ కిటికీ పక్క కుర్చీలో ఉంది. చాలా చిక్కిపోయింది. క్లెమ్ పక్కన స్టూలుమీద ఉన్నాడు. ఏమీ చెప్పకుండా కాయ ఆవిడ చేతిలో పెట్టాను. తొక్కమీద అరచెయ్యి తిప్పింది. తొడిమ పొట్టితనం గోటితో కొలిచింది. కిందివైపు గుంటలో వేలు పెట్టి ఆ అయిదు మడతలూ లెక్కపెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఎంతసేపో ఊపింది.

"ఇంకా కాలేదు. రెండు వారాలాగు," అని నాకు తిరిగి ఇచ్చేసింది.

అంతదూరం వచ్చాను. ముందురోజంతా కట్టెలు కొట్టి నడుం పట్టేసి ఉంది. క్లెమ్ నాకేసి చూసి, ఈమెతో బతుకంతా ఇంతేనయ్యా అన్నట్టు కనుబొమలు ఎత్తాడు.

రెండు వారాల తరువాత రెండు కాయలూ పట్టుకెళ్లాను. ఈసారి ఊపగానే ఆవిడ మొహం మారింది. నేనూ విన్నాను, గింజల చప్పుడు. క్లెమ్ చాకుతో సన్నగా కోసి ఒక ముక్క ఆవిడ నోటికి అందించాడు, ఒకటి నాకిచ్చాడు, ఒకటి తను తిన్నాడు. చాలాసేపు ముగ్గురం నమలడమే.

"మనదానంత పులుపు లేదు," అన్నాడు క్లెమ్.

"మనది ఎర్రమట్టి. వీడిది రోడ్డు కంకర," అంది ఆవిడ. తరువాత నన్నడిగింది, ఎండవైపు ఎరుపుందా అని.

"ఉందాంటీ. బొటనవేలి ముద్రంత."

"అయితే అదే."

ఇంకో ముక్క తీసుకుంది. మూడోది వద్దంది. రెండో కాయ ఎవరికీ పెట్టొద్దని, తన దిండు పక్కన పెట్టమని చెప్పి, కళ్లు మూసుకుంది. అలసిపోయినట్టుంది. మేం ఇద్దరం చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చాం.

క్లెమ్ నాతోపాటు బండిదాకా నడిచాడు. నేను తలుపు తీసుకుని కూర్చున్నా ఆయన కదలకుండా అక్కడే నిలబడ్డాడు. చివరికి, ఈ నెలాఖరులోగా ఒక పుల్ల కోసిస్తావా అన్నాడు. ఫ్రాంక్లిన్‌లో వాళ్ల ఇంటి వెనక ఒక అడవి మొక్క ఉందట. నిరుడే ఎక్కడినుంచో తవ్వి తెచ్చి నాటుకున్నాడట.

"ఎన్నేళ్లకి కాస్తుందంటావు?"

"నాకైతే అయిదేళ్లు పట్టింది."

ఆయనకప్పుడు అరవై ఏడు. వేళ్లమీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"అయితే కాస్త లావుది చూసి కొయ్యి," అన్నాడు.